మందలో పదకొండోది

వికారాబాద్,
జూలై 14

నాగక్కకు,

తమ్ముడు శ్రీశైలం రాస్తున్న ఉత్తరం. వీడి ఫోన్ పోయిందా అనుకుంటున్నావేమో. ఫోన్ బాగానే ఉంది, మాటలే అప్పుడప్పుడు పోతున్నాయి.

తలనొప్పికి పరీక్షలు చేయించుకుంటున్నానని నీకు చెప్పింది సగమే నిజం. పోయిన నెల తాండూరు బస్సులో డ్యూటీలో ఉన్నాను. పెద్దేముల్ దాటాక ఒకామె ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ అడిగింది. ఎక్కడికమ్మా అని అడగబోతే నా నోట్లోంచి నాకే తెలియని భాష వచ్చింది. ఆమె అది కన్నడమనుకొని కన్నడలోనే జవాబిచ్చింది. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత కుడిచేయి కొట్టుకోవడం మొదలైంది, టికెట్ మిషన్ కింద పడింది. అక్కడి నుంచి నాకేమీ తెలియదు. డ్రైవర్ యాకోబు బస్సును నేరుగా ఆసుపత్రి ముందుకు తెచ్చి ఆపాడట. నాకు స్పృహ వచ్చేదాకా ప్యాసింజర్లు ఒక్కరూ కదల్లేదట.

హైదరాబాద్‌లో స్కానింగ్ తీశారు. ఎడమ చెవికి పైన, మెదడులో నిమ్మకాయంత గడ్డ ఉంది. మెల్లగా పెరిగే రకంలా ఉందన్నారు, తీసి చూస్తే గానీ ఖాయంగా చెప్పలేరట. చిక్కేమిటంటే అది మాటలు పుట్టే జాగాను ఆనుకొని ఉంది. అందుకని నన్ను మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తారు. పుర్రె తెరిచేదాకా నిద్రపుచ్చి, తర్వాత లేపి, నాతో మాట్లాడిస్తూ సన్నని తీగతో కొద్దిగా కరెంటు పెట్టి చూస్తారు. ఎక్కడ పెడితే మాట ఆగుతుందో అక్కడ నంబరు వేసిన చిన్న చీటీ పెట్టి, ఆ జాగా ముట్టకుండా మిగతా గడ్డ తీస్తారు. మెదడుకు నొప్పి తెలియదని డాక్టర్ చెప్తే మా అంబిక ఒప్పుకోలేదు. "ఈయనను చేసుకున్నకాడికెల్లి నా మెదడుకు రోజు తెలుస్తనే ఉన్నది" అన్నది.

ఆసుపత్రిలో మాటల పరీక్షలు చేసే సింధుజ మేడమ్ వారానికో ఉత్తరం చేత్తో రాయమంది. మాటలు ఎక్కడ జారిపోతున్నాయో నాకే తెలుస్తుందట. నిన్ను మించి తిట్టి జవాబు రాసేవాళ్లు నాకు లేరు, అందుకే నీకు రాస్తున్నాను.

కరెంటంటే భయం లేదక్కా. ఆ తీగ తగిలి లోపల దాచుకున్నవన్నీ బయటికొస్తాయేమోనని భయం. అంతమంది డాక్టర్లు, నర్సుల ముందు! యాకోబును అడిగితే వాడు బాగా ఆలోచించి, "ఏడ తగిల్తె ఆడున్నది బయటికొస్తది అన్నా. ముందుగాల్నే అందరికి చెప్పుకో, ఫికరుండదు" అన్నాడు. కాబట్టి నీకు సంబంధించినవి ఒక్కొక్కటే చెప్పేస్తాను.

మొదటిది. నాయిన సాయంత్రం మందను లెక్కపెట్టి రమ్మంటే నేను ఒక్కనాడూ లెక్కపెట్టలేదు. దొడ్డి గోడ మీద కూర్చొని, కళ్లు మూసుకొని, ఒకటి నుంచి ముప్ఫై రెండు దాకా గట్టిగా అరిచి, అన్నీ ఉన్నాయని చెప్పేవాడిని.

ఈ కవరు యాకోబు చేతికిస్తున్నాను. మైదాతో అతికించాను, అయినా వాడి చూపు దాని మీదే ఉంది.

నీ తమ్ముడు
శ్రీశైలం


తాండూరు,
జూలై 19

శ్రీశైలానికి,

నీ తలకాయలో ఏదో ఉందని డాక్టర్లు కనిపెట్టారంటే నాకు ఆశ్చర్యమే. అందులో ఏమీ లేదని నేను చిన్నప్పటి నుంచి ఊరంతా చెప్పుకున్నాను.

ముందు ఏడ్చాను. బండల గని పక్కన పెంకులు పోసిన గుట్ట వెనక, గొర్రెలకు తప్ప ఎవరికీ కనపడకుండా కూర్చొని ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. నెల రోజులు ఫోన్లో తలనొప్పి అని చెప్పి నన్ను పిచ్చిదాన్ని చేశావు. ఇంటికొచ్చి ఉత్తరం మళ్లీ చదివితే, ఆ కన్నడమామె దగ్గర నవ్వొచ్చింది. మీ బావ మొగులప్ప నన్ను చూసి, "ఇద్దరక్కాతమ్ముళ్లకు ఒక్కపారే తలకాయ చెడినట్టుంది" అన్నాడు.

నువ్వు లెక్కపెట్టేవాడివి కాదని నాకు ఎప్పుడో తెలుసు. నీ గొంతు ముప్ఫై రెండు దగ్గర ఆగేసరికి సగం గొర్రెలు ఇంకా దొడ్డి బయటే ఉండేవి. నీ వెనకే నిలబడి నేను లెక్కపెట్టేదాన్ని. నువ్వు వెనక్కి తిరిగి చూస్తే కదా.

నువ్వొకటి చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. ఆరో తరగతిలో నీ మార్కుల కాగితం మీద పడిన నాయిన వేలిముద్ర నాయినది కాదు, నాది. లెక్కల్లో నీకు వచ్చిన ఏడు మార్కులు చూస్తే బడి మాన్పించి మందకు తోలుతాడని, నా బొటనవేలు వేశాను. సారు ఆ ముద్రను ఎంతసేపు చూశాడో. నేను గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి ఓణీలో దాచుకున్నాను.

ఇప్పుడు విను. ఆపరేషన్ బల్ల మీద డాక్టర్ లెక్కపెట్టమంటే ఒకటి రెండు మూడు అని చదువుతావేమో. అట్లా చదివితే మళ్లీ గోడ మీద కూర్చున్నట్టే. నాయిన మంద పేర్లు చెప్పు. ఆయన మందలో దేనికీ నంబరు లేదు, చెవిని బట్టి, నడకను బట్టి, తల్లిని బట్టి పిలిచేవాడు. దొడ్డిలోకి వచ్చే వరస కూడా ఎప్పుడూ మారేది కాదు. ముప్ఫై రెండూ వరసగా చెప్పు. నీకు రావని నాకు తెలుసు. పది రోజుల్లో నేర్చుకో.

డబ్బాలో జొన్నరొట్టెలు, పల్లీల కారం పంపుతున్నాను. ఎనిమిది రొట్టెలు పెట్టాను. నీ దగ్గరికి ఎన్ని వచ్చాయో రాయి, యాకోబు సంగతి తేలుతుంది.

మీ అక్క
నాగరాణి


వికారాబాద్,
జూలై 30

అక్కా,

రొట్టెలు ఆరు వచ్చాయి. ధారూర్ దగ్గర బస్సు కుదుపుకు రెండు పడిపోయాయని యాకోబు అంటున్నాడు. మూత మాత్రం గట్టిగానే ఉంది.

నిన్న సింధుజ మేడమ్ బొమ్మలు చూపించి పేర్లు అడిగింది. కుర్చీ, గొడుగు, తాళంచెవి బాగానే చెప్పాను. తర్వాత గొర్రె బొమ్మ వచ్చింది. నేను దాన్ని కిందికీ పైకీ చూసి, పళ్లను బట్టి ఈడు కట్టి, "రెండు పండ్లది. ఇంక ఈనలే. కడుపు నిండలే" అన్నాను. ఆమె కాగితం మీద తప్పు గుర్తు వేసింది. నేను ఒప్పుకోలేదు. బొమ్మలో పక్క డొక్క లోపలికి పోయి ఉంటే ఉత్త గొర్రె అని ఎట్లా అంటాం? పావుగంట వాదించాను. చివరికి ఆమె తప్పు కొట్టేసి, "మాటలకు కరువు లేదు" అని రాసింది.

అక్కా, కరువు ఉంది. గడియారం బొమ్మకు 'బస్‌పాస్' అన్నాను, అన్నానని కూడా తెలియలేదు. మొన్న అంబికను పిలవబోతే పేరు రాలేదు. ఇరవై రెండేళ్లుగా పిలుస్తున్న పేరు. ఆమె వంటింట్లో నుంచి "పిలుస్తివా" అంటే, లేదన్నాను. రోజంతా స్టాపుల పేర్లు అరిచి బతికినవాడిని. రేపు నోరు తెరిస్తే ఏమీ రాకపోతే నేనేం మనిషిని? ఈ మాట అంబికతో అనలేను, నీతో అంటున్నాను.

మంద పేర్లు నేర్చుకుంటున్నాను. నల్లచెవులది, దాని బిడ్డ, పొట్టితోకది, ఎర్రమూతిది, ఎర్రమూతి చెల్లెలు, వంకరకొమ్ముల పొట్టేలు, ముందరికాలు తెల్లది, దగ్గుది, దగ్గుదాని బిడ్డ, నిద్రమొహంది. పది. పదకొండోది ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

శ్రీశైలం


తాండూరు,
ఆగస్టు 4

శ్రీశైలానికి,

పదకొండోది మరిచిపోయావా? అది గొర్రె కూడా కాదు. మన బొల్లిమేక! నొసటి మీద తెల్లబొట్టు, గోడలెక్కి ఊరందరి పందిళ్లు మేసి, పంచాయితీలు తెచ్చిన మేక. అంత గొర్రెల మందలో ఒక్క మేకను మరిచావంటే గడ్డ నిజంగానే పెద్దది.

నేను దాన్ని మరిచిపోలేను. టెన్త్ పాసయ్యాక నర్సు ట్రైనింగుకు అప్లికేషన్ పెట్టాను, గుర్తుందా? నాతో పెట్టిన ఈశ్వరమ్మకు పిలుపు వచ్చింది, నాకు రాలేదు. రెండు నెలలు పోస్టాయన వచ్చే దారి చూశాను. ఇక రాదని తెలిసిన రోజు బొల్లిమేక మెడ పట్టుకొని ఏడ్చాను. ఎవరు పట్టుకున్నా విదిలించుకునేది, ఆ రోజు కదలకుండా నిలబడింది. మేకకు కూడా తెలుస్తుంది అనుకున్నాను.

పోనీ, ఇప్పుడు ఈ చుట్టుపక్కల నాలుగు మందలకు సూదులు నేనే వేస్తాను. కుక్కలు చీరేస్తే కుట్లు కూడా వేస్తాను. ఆపరేషన్ అయ్యాక నీ తల కుట్లు నాకు ఒకసారి చూపించు, ఎట్లా వేశారో నేను చూడాలి.

అంబిక పేరు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకో. మరిచిపోతే చదువు.

నాగరాణి


వికారాబాద్,
ఆగస్టు 11

అక్కా,

ఈ ఉత్తరానికి నవ్వు రాదు.

పదకొండోది నేను మరిచిపోలేదు. పదకొండు దగ్గరికి వస్తే నా నోరే పెగల్లేదు.

నీకు పిలుపు వచ్చింది. ఖాకీ కవరు. పోస్టాయన బడి దగ్గర నన్ను చూసి, ఇంట్లో ఇవ్వమని నా చేతికిచ్చాడు. అప్పటికి నాకు పదకొండేళ్లు, చదవడం వచ్చు. పదిహేను రోజుల్లో వచ్చి చేరాలని ఉంది. నువ్వు వెళ్తే మంద వెంట వెళ్లేది నేనే. ఆ వారమే నాయిన అమ్మతో, "పిల్ల పోతే పోరని బడి బందు పెట్టాలె" అన్నాడు, నేను విన్నాను. దొడ్డి గోడ మీద కూర్చున్నాను. బొల్లిమేక వచ్చి కవరు వాసన చూసింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముందు కవరు తిన్నది, తర్వాత కాగితం. ముద్ర ఉన్న మూల చాలాసేపు నమిలింది. అది తినేసిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం అది కాదు, నేను పెట్టాను.

నా చదువు, నా ఉద్యోగం, ఈ ఇల్లు అన్నీ ఆ కాగితం మీదే నిలబడ్డాయి. నువ్వేమో నా మార్కుల కాగితం మీద నీ వేలు వేశావు.

మొన్న సింధుజ మేడమ్‌ను అడిగాను. తీగ పెడితే రహస్యాలు బయటికి రావట, మాట ఆగుతుంది, అంతే. యాకోబుకు డాక్టరీ రాదని తెలిసిపోయింది. కాబట్టి ఇది చెప్పకుండా కూడా నేను బల్ల ఎక్కవచ్చు. కానీ రేపు నోరు పోతే ఇక ఎప్పటికీ చెప్పలేను. అందుకే చెప్పాను.

శ్రీశైలం


వికారాబాద్,
ఆగస్టు 22

అక్కా,

వారం దాటింది. ఉత్తరం నీ చేతికే ఇచ్చానని, నువ్వు గుమ్మంలోనే నిలబడి చదివావని యాకోబు అన్నాడు. డబ్బా ఖాళీగా తిరిగి వచ్చింది. ఈసారి వాడు కూడా ఏమీ తినలేదు, తినడానికేమీ లేదన్నాడు. "అక్క మస్తు కోపంగున్నది. నాకు నీళ్లు గుడ ఇయ్యలే. ఏం రాసినవన్నా?" అని అడిగాడు. చెప్పలేదు.

ఫోన్ చేస్తే బావ ఎత్తి, మంద దగ్గర ఉందంటున్నాడు. వెనక నీ దగ్గు వినపడింది.

ఇరవై ఎనిమిదిన ఆపరేషన్. నువ్వు తిట్టినా సరే, ఏదో ఒకటి రాయి.

శ్రీశైలం


తాండూరు,
ఆగస్టు 26

శ్రీశైలం,

నేను ఆసుపత్రికి రాను.

నిన్ను క్షమించలేదు. ముప్ఫై ఆరేళ్లు నా చదువే బాగాలేదేమో, నా అక్షరాలే బాగాలేవేమో అనుకున్నాను. ఆ మేక మెడ పట్టుకొని ఏడిస్తే గోడ మీద కూర్చొని చూశావు కదా. నువ్వు అక్కడే ఉన్నావు, నాకు గుర్తుంది.

నీకు చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. కాగితం మీద చాలవు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్తాను, నువ్వు జవాబివ్వాలి. మూగవాడితో నేను కొట్లాడను, అందులో న్యాయం ఉండదు. కాబట్టి మాటలన్నీ తీసుకొని బయటికి రా. ఒక్కటి తక్కువైనా ఊరుకోను.

ముప్ఫై రెండూ చెప్పు. పదకొండోది దాటేయకు.

నాగరాణి


వికారాబాద్,
సెప్టెంబర్ 24

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి నాకు ఆరు రోజులు పట్టింది. మాటలు వస్తున్నాయి, కానీ ఆలస్యంగా వస్తున్నాయి. ఆపరేషన్ అయ్యాక మొదటి నాలుగు రోజులు నోట్లోంచి ఒకే మాట వచ్చేది, 'రైట్'. నీళ్లు కావాలన్నా రైట్, వద్దన్నా రైట్. ఇరవై ఏళ్లు బస్సులో అరిచిన మాట, అది మాత్రం ఎక్కడికీ పోలేదు. పక్క మంచం ఆయన విసుగొచ్చి, "ఎప్పుడు కదుల్తదయ్యా నీ బస్సు" అన్నాడు. అయిదో రోజు 'అంబిక' అన్నాను. ఆమె వెంటనే బయటికి వెళ్లిపోయి చాలాసేపటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిగడ్డలు కోశానంది. ఆసుపత్రిలో ఉల్లిగడ్డలు ఎక్కడివి?

ఆ రోజు సంగతి చెప్తాను. నన్ను లేపేసరికి తల బిగించి ఉంది. ముఖం మీద బట్టతో పందిరి వేశారు, దాని కింద సింధుజ మేడమ్ కూర్చొని ఉంది. వెనక నుంచి పెద్ద డాక్టర్ గొంతు, మాట్లాడమని. నేను మంద మొదలుపెట్టాను. నల్లచెవులది, దాని బిడ్డ, పొట్టితోకది. మేడమ్ కాగితంలో అవన్నీ ముందే రాసుకుంది. పదో పేరు అయింది. పదకొండో పేరు దగ్గర నోరు ఆగింది.

డాక్టర్ తీగ తీశాడు. "ఇక్కడ ఆగింది, చీటీ" అన్నాడు. ఎవరో చీటీ అందిస్తున్నారు. ఆ చీటీ పెడితే ఆ పక్క గడ్డ అట్లాగే వదిలేస్తారు. నాకు తెలుసు, అది తీగ ఆపిన ఆగడం కాదు. అప్పుడు అన్నాను, "సార్, మాట పోలె. సిగ్గయింది. గది బొల్లిమేక. మీరు కానియ్యుండ్రి."

తర్వాత డాక్టర్ అదే జాగాలో మళ్లీ మూడుసార్లు తీగ పెట్టి చూశాడు. మూడుసార్లూ బొల్లిమేక అన్నాను, మూడుసార్లూ వచ్చింది. చీటీ వెనక్కి తీసుకున్నారు. ఆ ముక్క తీసేశారు.

పంతొమ్మిదోది, కుంటిదాని బిడ్డ దగ్గర నిజంగా ఆగింది. గొర్రె కళ్ల ముందే ఉంది, నోరు తెరిచే ఉంది, పేరు లేదు. మళ్లీ పెడితే మళ్లీ ఆగింది. అక్కడ చీటీ పెట్టారు, అక్కడ కొంచెం గడ్డ మిగిలింది. రిపోర్టులో మెల్లగా పెరిగే రకమనే వచ్చింది. మూడు నెలలకోసారి స్కానింగ్ చేసి, ఇంకేం వైద్యం కావాలో చూస్తారు. పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. కానీ నేను నోరు విప్పకపోతే ఇంకా పెద్ద ముక్కే మిగిలేదని పెద్ద డాక్టర్ అన్నాడు.

నీకు ముందే చెప్పి ఉండకపోతే నేను బల్ల మీద నోరు విప్పేవాడిని కాదక్కా. మాట పోయిందనే అనుకోనిచ్చేవాడిని. ఎన్నేళ్లుగానో చేస్తున్న పనే కదా.

నువ్వు వచ్చావట. గొంగడి కప్పుకొని బెంచీ మీద కూర్చున్నావని, తను పలకరించబోతే ముఖం తిప్పుకున్నావని, నన్ను బయటికి తెచ్చే లోపే వెళ్లిపోయావని అంబిక చెప్పింది.

శ్రీశైలం


తాండూరు,
సెప్టెంబర్ 29

శ్రీశైలానికి,

నీ కోసం వచ్చానని ఎవరన్నారు? గొర్రెలకు నట్టల మందు కొనడానికి హైదరాబాద్ వచ్చాను. కాళ్లు నొస్తే ఆ బెంచీ మీద కూర్చున్నాను. అయిదు గంటలు నొచ్చాయి.

ఆ లోపలికీ బయటికీ తిరిగే నర్సమ్మలను చూస్తూ కూర్చున్నాను. ఒకామెకు నా వయసే ఉంటుంది. జేబులో పెన్ను, చేతికి గడియారం. అందరూ ఆమెను అడిగి నడుస్తున్నారు. అది నా జాగా అనుకున్నాను. చాలాసేపు అనుకున్నాను. నీ మీద కోపం ఎంత ఉందంటే, లోపల నీ తల తెరిచి ఉందన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయాను. తర్వాత ఆమే నా దగ్గరికి వచ్చి, "లోపల ఒకాయన గొర్రెల పేర్లు చదువుతుండు. మీరు ఆయన తాలూకానా?" అని అడిగింది. ఎన్నోదాని దాకా వచ్చిండని అడిగాను. ఇరవై దాటినయ్ అంది. పదకొండు దాటావన్నమాట. అప్పుడు లేచి వచ్చేశాను. బస్సులో వికారాబాద్ దాకా ఏడ్చాను, కండక్టర్ పిల్ల నన్ను ఏమీ అడగకుండా టికెట్ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఈ ఉత్తరంలో క్షమించానని ఉంటుందేమో అని వెతకకు. ముప్ఫై ఆరేళ్లు ఆలస్యంగా వచ్చిన కోపం, దానికీ కొన్నాళ్లు ఉండే హక్కుంది. సిగ్గయిందని డాక్టర్‌తో అన్నావు చూడు, అక్కడ మాత్రం నవ్వాను. తల తెరిచి పెట్టుకొని సిగ్గుపడిన మనిషి మన ఇంట్లోనే పుట్టాలి.

బొల్లిమేక సంతానం ఇంకా నా మందలో ఉంది. అదే తెల్లబొట్టు, అదే దొంగచూపు. ఆగస్టులో వచ్చిన నీ ఉత్తరాన్ని ఆ రోజే దాని ముందు పెట్టాను, తినెయ్యమని. వాసన చూసి పక్కకు తిరిగింది. అందుకే అది ఇంకా నా పెట్టెలో ఉంది.

కుట్లు మానాక, డాక్టర్ సరేనన్నాక రా. నెల రోజులు ఉండాలి. పొద్దున నేను సూదులు వేస్తుంటే నువ్వు గొర్రె కాళ్లు పట్టుకోవాలి. మధ్యాహ్నం నేను తిడతాను, నువ్వు జవాబివ్వాలి, ఎంత ఆలస్యమైనా సరే, ఆగుతాను. డబ్బాలో రొట్టెలు ఎనిమిది ఉన్నాయి, రెండు యాకోబుకని నేనే రాస్తున్నాను, బస్సు కుదుపుల మీద నెట్టొద్దని చెప్పు.

సాయంత్రం దొడ్డి గోడ మీద కూర్చో. ఇప్పుడు అరవై నాలుగు ఉన్నాయి. కళ్లు తెరిచి, పేరు పేరునా లెక్కపెట్టు. ఎక్కడైనా మాట ఆగితే కంగారుపడకు, నేను అందిస్తాను. ఎప్పటిలాగే నీ వెనకే నిలబడి ఉంటాను.

మీ అక్క
నాగరాణి